చెవికీ చేతికీ అందాల్సిన పాఠం

పదేళ్ల వయసుకి కాస్త అటూ ఇటూగా పిల్లల ఒంట్లో మార్పులు మొదలవుతాయి. ఆ మార్పులేమిటి, నెలసరి ఎందుకు వస్తుంది, గర్భం ఎలా నిలుస్తుంది, తన ఒంటిని తాను ఎలా శుభ్రంగా ఉంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి? వీటిని నేర్పే చదువే పునరుత్పత్తి ఆరోగ్య విద్య. ఇది పిల్లలందరికీ కావాలి. చూపులేని పిల్లలకి కాస్త ముందుగా కావాలి, కాస్త విడమర్చి కావాలి. అది మొదలవ్వాల్సింది ఇంట్లో. చెప్పాల్సింది తల్లీ తండ్రీ.

ముందుగా ఎందుకు? విడమర్చి ఎందుకు? చూపున్న పిల్లలకి ఈ సంగతులు సగం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి. అరుగు మీద చంటిపిల్లాడికి నీళ్లు పోస్తుంటే ఆడ మగ తేడా కంటబడుతుంది. పక్కింటి కోడలికి కడుపు నెలనెలా పెరగడం కనబడుతుంది. దొడ్లో గేదె ఈనుతుంటే పిల్లలు దడి మీద నుంచి తొంగి చూస్తారు. అక్క ఓణీ వేసుకోవడం, అన్నకి మీసం మొలవడం, అన్నీ కళ్లముందే జరుగుతాయి.

చూపులేని పిల్లలకి ఇవేవీ అందవు. టీవీలో న్యాప్‌కిన్ల ప్రకటన వస్తుంది. వస్తువును బొమ్మ చూపిస్తుంది. మాట మాత్రం 'ఆ రోజులు' అని సరిపెడుతుంది. ఏ రోజులో, అమ్ముతున్నదేమిటో, ఆ పాట రోజూ వింటున్న పిల్లకి తెలియదు. ఆరోగ్య కేంద్రం గోడ మీద కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం ఉంటుంది. అదీ కంటికే. బడి పుస్తకాల్లో కౌమార దశ గురించి, ప్రత్యుత్పత్తి గురించి పాఠాలున్నాయి. అక్కడ పుస్తకం బొమ్మ చూడమంటుంది. పంతులు బొమ్మ చూపించి ముందుకు సాగిపోతారు.

అందుకే గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. చూపున్న బిడ్డకి చెప్పకపోయినా కొంత తెలుస్తుంది. చూపులేని బిడ్డకి చెబితేనే తెలుస్తుంది.

చూపు లేకుండా నేర్చుకోవడం విజయనగరానికి కొత్త కాదు. 1919లో సంస్థానాధీశులు విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టించారు. సంస్థానం కొలువులో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, పాటంటే ప్రాణం. ఆ అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే ఆ కళాశాలకి మూలమని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి కూడా చూపు మందమే. సంగీతం నేర్పే పద్ధతి అందరికీ తెలిసిందే. గురువు పాడతారు, శిష్యుడు వింటాడు. వేలు ఎక్కడ పడాలో చేతికి చూపిస్తారు. మర్నాడు అప్పజెప్పమంటారు.

ఒంటి గురించిన పాఠానికీ అదే దారి. పనులు మూడు. ఒకటి, మాటల్లో చెప్పడం. రెండు, చేతికి అందించడం. మూడు, బిడ్డ చేత అప్పజెప్పించుకోవడం. ఈ మూడూ గుర్తుంటే మిగతాదంతా దారిలో పడుతుంది.

మొదట మాట. ఒంటి భాగాలకి పేర్లుండాలి. చెయ్యి, కాలు, ముక్కు అని నేర్పినంత మామూలుగా రొమ్ములు, పురుషాంగం, వృషణాలు, యోని, మలద్వారం అని కూడా నేర్పాలి. ఇంట్లో ముద్దుపేర్లుంటే ఉండనివ్వచ్చు. వాటితోపాటు అసలు పేర్లు కూడా తెలియాలి. 'అక్కడ', 'కింద', 'ఆ చోటు' అన్న మాటలు చూపున్న బిడ్డకి సైగతో కలిసి అర్థమవుతాయి. సైగ కనబడని బిడ్డకి 'అక్కడ' అంటే ఎక్కడ? రేపు డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పాలన్నా, ఎవరైనా తప్పుగా తాకారని అమ్మతో చెప్పాలన్నా ఆ పేర్లే అక్కరకొస్తాయి.

అయిదారేళ్ల వయసులో స్నానం చేసేటప్పుడు ఈ పని తేలిగ్గా జరుగుతుంది. బిడ్డ తన చేత్తో తాను సబ్బు రాసుకుంటుంటే, తల్లి పక్కనుండి ఒక్కో భాగం పేరు చెప్పచ్చు. ఇక్కడ ఒక నియమం ఉంది. బిడ్డ తన ఒంటిని తన చేత్తోనే తెలుసుకోవాలి. చేతికి అందించడమంటే మరొకరి ఒంటి మీద చెయ్యి వేయించడం కాదు. ఆడపిల్లకి మగవాళ్ల శరీరం గురించి, మగపిల్లాడికి ఆడవాళ్ల శరీరం గురించి చెప్పాలంటే బొమ్మలున్నాయి. గుడ్డతో కుట్టిన బొమ్మ చాలు. చపాతీ పిండి ముద్ద చాలు.

పిండి ముద్దతో గర్భసంచిని చేయడం కష్టం కాదు. పిడికిలి కంటే కాస్త చిన్నగా, పైన వెడల్పుగా, కింద సన్నగా ఒక ముద్ద. పైన రెండు పక్కలా రెండు సన్నని గొట్టాలు. గొట్టాల చివర బాదం గింజంత అండాశయాలు. కింద సన్నని మెడ, దాని కింద యోని దారి. పిల్ల వేళ్లతో తడుముతుంటే తల్లి చెబుతుంది. ఇక్కడి నుంచి నెలకో అండం బయల్దేరుతుంది. ఈ గొట్టంలో నడుస్తుంది. ఈ లోపలి పొర మెత్తబడి సిద్ధంగా ఉంటుంది. గర్భం నిలవకపోతే ఆ పొర రక్తంతో కలిసి కిందికి వచ్చేస్తుంది. అదే నెలసరి. తర్వాత పిల్ల అరచేతిని ఆమె బొడ్డు కింద పెట్టుకోమని, ఇదంతా ఇక్కడ లోపలుందని చెప్పాలి. బొమ్మ ఒక చోట, ఒళ్లు ఒక చోట ఉంటే పాఠం అతకదు. రెంటినీ కలపాలి.

ఇక మార్పులు వచ్చే వయసు. ఆడపిల్లల్లో సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మార్పులు మొదలవుతాయి. అంటే ఎనిమిదో ఏటికే మాట మొదలుపెట్టాలి. ఆడపిల్లకి రొమ్ము దగ్గర చిన్న గడ్డలా తగిలి, నొప్పి పెడుతుంది. చంకల్లో, తొడల మధ్య వెంట్రుకలు వస్తాయి. చెమట వాసన మారుతుంది. చూపున్న పిల్లలు తోటివాళ్లని చూసి, అందరికీ ఇంతేనని ధైర్యం తెచ్చుకుంటారు. చూపులేని పిల్ల తనకొక్కదానికే ఏదో జబ్బు చేసిందనుకోవచ్చు. అందరికీ వస్తుంది, ఒకరికి ముందు, ఒకరికి వెనక. ఈ ఒక్క మాట ముందే చెబితే బోలెడు భయం తప్పుతుంది.

ఉత్తరాంధ్రలో ఆడపిల్ల సమర్తాడితే ఇంట్లో సందడి. చాప వేసి కూర్చోబెడతారు. చుట్టాలు చిమ్మిలి పెడతారు. పేరంటాళ్లు పాటలు పాడతారు. చూపులేని పిల్లకి పాటలు వినబడతాయి, చిమ్మిలి రుచి తెలుస్తుంది, కొత్త బట్టల గరగర తెలుస్తుంది. తన ఒంట్లో ఏం జరిగిందో మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. దాని బదులు ముట్టుకోకు, అటు వెళ్లకు అన్న ఆంక్షలు చెవిన పడతాయి. చేత్తో తడుముకుంటూ ఇల్లంతా తిరిగే పిల్లకి 'ముట్టుకోకు' అన్న మాట చూపున్న పిల్లకంటే ఎక్కువ తగులుతుంది. తాకకపోతే ఆమెకి దారి లేదు. నెలసరి రక్తం మైల కాదని, ఒళ్లు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తని ఆ చాప మీదే చెప్పగలిగితే వేడుకకి అర్థం ఉంటుంది. అంతకంటే మంచిది ఏడాది ముందే చెప్పడం.

నెలసరిలో నేర్పాల్సిన పనులు కొన్నున్నాయి. వాటిని రక్తం కనబడిన రోజున కాదు, మామూలు రోజున, పొడి న్యాప్‌కిన్‌తో నేర్పాలి. తల్లి మాట ఇలా సాగచ్చు.

"ఇదిగో తల్లీ, పొట్లం. ఇలా చింపు. లోపల మెత్తగా ఉన్న వైపు ఒంటికి. వెనక నున్నగా తగిలే కాయితం లాగెయ్. ఇప్పుడు వేలికి అంటుకుంటోంది కదా? ఈ జిగురు వైపు బట్టకి అంటించాలి. వెడల్పుగా ఉన్న కొస వెనక్కి. పక్కన రెక్కలున్నాయి చూడు, వాటిని కిందికి మడిచెయ్. ఏదీ, ఇప్పుడు నువ్వు చేసి చూపించు."

ఆఖరి మాటే అసలు పాఠం. నువ్వు చేసి చూపించు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. తర్వాత ఒక న్యాప్‌కిన్ మీద రెండు చెంచాల నీళ్లు పోసి చేతికివ్వాలి. పొడిది ఎంత బరువు, తడిసింది ఎంత బరువు, తేడా చేతికి తెలుస్తుంది. మొత్తం నెలసరిలో పోయే రక్తం సాధారణంగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు. అంటే కొన్ని చెంచాలే. ఒంట్లో రక్తమంతా పోతోందన్న భయం అక్కర్లేదు.

చూపులేని పిల్లని ఎక్కువగా బాధపెట్టేది మరక. మరక తనకి కనబడదు, నలుగురికీ కనబడుతుంది. దీనికి విరుగుడు గడియారం. రక్తం ఎక్కువ పోయినా తక్కువ పోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. ఫోనులో అలారం పెట్టుకోవచ్చు. బడికి వెళ్తే, విరామంలో ఒకసారి, భోజనం బెల్లుకి ఒకసారి అని అలవాటు చేసుకోవచ్చు. బడిలో నమ్మకమైన స్నేహితురాలినో, ఇంట్లో అప్పనో "వెనక మరక ఉందేమో చూడవే" అని అడగచ్చు. అలా అడగడం సిగ్గుపడాల్సిన పని కాదని తల్లే చెప్పాలి.

నెలసరి ఎప్పుడొస్తుందో ముందే ఊహించవచ్చు. మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయి. తర్వాత చాలామందికి 21 నుంచి 35 రోజుల మధ్య కుదురుకుంటుంది. రక్తం రెండు నుంచి ఏడు రోజులు పోతుంది. తేదీని బ్రెయిలీలో రాసుకోవచ్చు, ఫోనుకి చెప్పి గుర్తు పెట్టించుకోవచ్చు. పొత్తికడుపు నొప్పి, నడుం లాగడం, రొమ్ములు బరువెక్కడం వంటివి ముందుగా వచ్చే కబుర్లు. వాటిని గుర్తుపట్టడం ఆమెకే బాగా చేతనవుతుంది.

వాడినదాన్ని చుట్టి, కాయితంలో పెట్టి, చెత్తబుట్టలో వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సామాను ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. న్యాప్‌కిన్లు ఈ అరలో, కాయితాలు ఇక్కడ, బుట్ట ఆ మూల. ఎవరూ వాటిని జరపకూడదు. గుడ్డ వాడే ఇళ్లలో ఆ గుడ్డని సబ్బుతో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. చాటుగా, చీకటి మూల ఆరేస్తే తేమ పోదు, జబ్బులు వస్తాయి. ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలకి పది న్యాప్‌కిన్లు ఉచితంగా ఇచ్చే 'స్వేచ్ఛ' పథకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరులో మొదలుపెట్టింది. న్యాప్‌కిన్ చేతికందడం ఒక ఎత్తు. దాన్ని తడిమి, మడిచి, అంటించుకోవడం నేర్పడం మరో ఎత్తు. రెండోది ఇంటి పని.

ఎప్పుడు డాక్టరుకి చూపించాలి? రక్తం ఏడు రోజులు దాటి పోతుంటే చూపించాలి. గంట, రెండు గంటలకే న్యాప్‌కిన్ తడిసిపోతుంటే చూపించాలి. పదిహేనేళ్లు నిండినా నెలసరి మొదలవకపోతే చూపించాలి. తెల్లబట్టలో తేడాని చూపున్నవాళ్లు రంగుతో పసిగడతారు. చూపులేని పిల్ల దాన్ని దురదతో, మంటతో, చెడు వాసనతో పసిగడుతుంది. కాబట్టి ఆమెకి ఆ మూడు గుర్తులూ చెప్పి ఉంచాలి. రక్తహీనత కూడా అంతే. పాలిపోయిన గోళ్లు ఆమెకి కనబడవు. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం మాత్రం తెలుస్తాయి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర ఎందుకో కూడా చెబితే మానకుండా వేసుకుంటుంది.

మగపిల్లల సంగతి ఇళ్లలో ఇంకా తక్కువ మాట్లాడతారు. వాళ్లకి వేడుకా లేదు, మాటా లేదు. గొంతు బొంగురుపోతుంది. వృషణాలు, పురుషాంగం పెరుగుతాయి. ఒక రాత్రి నిద్రలో వీర్యం పోతుంది. చూపులేని అబ్బాయికి లేచేసరికి తడి తగులుతుంది. పక్కలో పోసుకున్నానేమోనని సిగ్గుపడతాడు, జబ్బేమోనని దిగులుపడతాడు. తండ్రి ముందే చెప్పి ఉంచాలి. "ఒరే నాన్నా, ఒక రోజు నిద్రలో ఒంటి నుంచి జిగురుగా ఏదో వస్తుంది. అది ఉచ్చ కాదు. మాకూ వచ్చింది. లేచి కడుక్కుని బట్ట మార్చుకో. అంతే." తండ్రి ఇంట్లో లేకపోతే మేనమామో, పెద్దన్నో ఈ మాట చెప్పవచ్చు. వలస పనులకి మగవాళ్లు వెళ్లిపోయే ఊళ్లలో తల్లే చెప్పినా తప్పు లేదు.

హస్తప్రయోగం గురించి కూడా చెప్పాలి. దానివల్ల నరాలు చచ్చుబడవు, బలం తగ్గదు. అది ఒంటరిగా, తలుపు గడియ పెట్టుకున్న చోట తప్ప నలుగురిలో చేయకూడని పని. ఈ రెండు ముక్కలూ స్పష్టంగా చెబితే చాలు. చూపులేని అబ్బాయికి రెండోది మరీ అవసరం. గదిలో మరొకరున్నారో లేదో, కిటికీ తెరిచి ఉందో లేదో అతనికి తెలియకపోవచ్చు. పురుషాంగం మీది ముందు చర్మాన్ని వెనక్కి జరిపి రోజూ నీళ్లతో కడుక్కోవాలి. వృషణాల్లో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే దాచుకోకుండా అప్పటికప్పుడే చెప్పాలి. వృషణం మెలిపడితే గంటల్లో ఆపరేషన్ చేయాలి, ఆలస్యమైతే అది పనికిరాకుండా పోతుంది.

ఇంకో మాట. ఆడపిల్లకి మగపిల్లల మార్పులు తెలియాలి. మగపిల్లాడికి నెలసరి అంటే ఏమిటో తెలియాలి. సగం పాఠం పాఠం కాదు.

ఇప్పుడు తాకడం గురించి. చూపులేని పిల్లల్ని అందరూ తాకుతారు. రోడ్డు దాటించేవాళ్లు చెయ్యి పట్టుకు లాగుతారు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కించేవాళ్లు భుజాలు పట్టుకుంటారు. పైడితల్లి సిరిమానోత్సవం జనంలో నడుం పట్టుకుని నెట్టేవాళ్లుంటారు. చాలావరకు మంచి మనసుతోనే. కానీ ఏళ్ల తరబడి ఇలా జరిగితే, తన ఒంటి మీద చెయ్యి వేసే హక్కు అందరికీ ఉందని బిడ్డ మనసులో నాటుకుపోతుంది. 

దీనికి ఒక చక్కని పద్ధతి ఉంది. సాయం చేసేవాళ్లు బిడ్డని పట్టుకోకూడదు. బిడ్డే వాళ్ల మోచేతి పైభాగాన్ని పట్టుకోవాలి. వాళ్లు అరడుగు ముందు నడుస్తారు, బిడ్డ వెనకే నడుస్తుంది. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదిలెయ్యాలో బిడ్డ చేతిలోనే ఉంటుంది. ప్రపంచమంతటా అంధుల బడుల్లో నేర్పే పద్ధతి ఇదే. నడవడానికి నేర్పే ఈ పాఠమే ఒంటి మీద హక్కుని కూడా నేర్పుతుంది.

ఇళ్లలో ఒక ఆట ఉంది. చుట్టాలు వస్తారు. చూపులేని బిడ్డని వెనక నుంచి పట్టుకుని "నేనెవరో చెప్పుకో చూద్దాం" అంటారు. అందరూ నవ్వుతారు. అందులో చెడు ఉద్దేశం ఉండదు. కానీ ఎవరో తెలియని చేతుల్లో నవ్వుతూ నిలబడాలని ఆ ఆట బిడ్డకి నేర్పుతుంది. దాన్ని మాన్పించాలి. వచ్చినవాళ్లు ముందు పేరు చెప్పాలి, తర్వాతే చెయ్యి కలపాలి. గదిలోకి వచ్చినా, వెళ్లినా చెప్పాలి. బిడ్డకి నేర్పాల్సిన మాట చిన్నది. "ఎవరు? పేరు చెప్పండి. నన్ను తాకొద్దు." పెద్దవాళ్లతో ఆ మాట అన్నా తిట్టకూడదు.

బట్టలు మార్చుకునేటప్పుడు గడియ పెట్టుకోవడం, తలుపు చేత్తో నెట్టి చూసుకోవడం, కిటికీ తడిమి మూసుకోవడం నేర్పాలి. ఫోను కూడా ఒక తలుపే. మాట్లాడే ఫోను తెర మీది అక్షరాల్ని పైకి చదివేస్తుంది. ఇయర్‌ఫోను పెట్టుకుంటే ఒంటి గురించి తెలుసుకునే సంగతి తనకొక్కదానికే వినబడుతుంది. వీడియో కాల్లో కెమెరా ఎటు తిరిగి ఉందో చూపులేని పిల్లలకి తెలియకపోవచ్చు. కాబట్టి బట్టలు మార్చుకునే గదిలో ఫోను ఆపి, బోర్లించి పెట్టడం అలవాటు చేయాలి.

తప్పుగా తాకేది ఎక్కువగా తెలిసినవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టుకతో చూపులేని ఒక యువతి మీద అత్యాచారం జరిగిన కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నేరం చేసినవాడు ఆ ఇంటికి వచ్చిపోయే మనిషే. ఆమె అతన్ని గొంతు బట్టి గుర్తుపట్టింది. ఆమె సాక్ష్యాన్ని కోర్టు నమ్మింది. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం విలువ తగ్గదని, చూపున్నవాళ్లు ముఖాన్ని గుర్తుపట్టినట్టే చూపులేనివాళ్లు గొంతుని గుర్తుపడతారని స్పష్టం చేసింది. శిక్ష ఖాయమైంది. చూపులేని బిడ్డ ఫలానా వాళ్లని చెబితే "నీకెలా తెలుసు, నువ్వు చూశావా" అనకూడదు. గొంతు, వాసన, చెప్పుల చప్పుడు ఆ బిడ్డకి ఆనవాళ్లు. నమ్మాలి.

18 ఏళ్లలోపు పిల్లల్ని కాపాడేది 2012 నాటి పోక్సో చట్టం. బిడ్డ వైకల్యాన్ని ఆసరా చేసుకుని చేసిన లైంగిక నేరానికి అందులో మరింత కఠిన శిక్ష ఉంది. నేరం సంగతి తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, అవసరమైతే ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకోవచ్చు. పిల్లల సహాయానికి ఫోను నంబరు 1098. మరోసారి, 1098. ఈ అంకెలు పిల్లలకి నోటికి రావాలి.

పదహారు, పదిహేడేళ్లకి మాట ప్రేమ వైపు, పెళ్లి వైపు మళ్లుతుంది. చూపులేని పిల్లలకి ఆ ఆలోచనలే ఉండవని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. అది నిజం కాదు. కోరిక అందరికీ ఒకటే. గర్భం ఎలా వస్తుందో, ఎలా ఆపవచ్చో, సుఖవ్యాధులు ఎలా అంటుతాయో వాళ్లకీ తెలియాలి. చెబితే చెడిపోతారన్న భయం ఉంటుంది. సరైన చదువు వల్ల పిల్లలు తొందరపడరని, జాగ్రత్త పెరుగుతుందని యునెస్కో 2018లో సవరించి విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిరోధ్ పొట్లాన్ని చేతికిచ్చి, అంచు ఎక్కడుందో, లోపలి గాలి వేలికి ఎలా తగులుతుందో, పళ్లతో ఎందుకు చింపకూడదో ఏఎన్ఎం చేత చెప్పించవచ్చు. గడువు తేదీ కంటికే అచ్చు వేసి ఉంటుంది. దాన్ని నమ్మకమైన మనిషి చేత చదివించుకోవాలి.

పిల్లలు గుండెల్లో దాచుకునే ప్రశ్న మరొకటి ఉంటుంది. నాకు పుట్టే బిడ్డకీ చూపుండదా? జవాబు కారణాన్ని బట్టి ఉంటుంది. దెబ్బ తగలడం, నెలలు నిండకుండా పుట్టడం, విటమిన్ ఎ లోపం, తట్టు వంటివాటితో పోయిన చూపు బిడ్డలకి సంక్రమించదు. రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి కొన్ని కంటిజబ్బులు వంశంలో నడుస్తాయి. వీటిలో చాలావాటికి లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ రావాలి. ఇద్దరిలోనూ అది దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఉండే వీలు ఎక్కువ. ఉత్తరాంధ్రలో మేనరికాలు మామూలే కాబట్టి, పెళ్లి మాట రాకముందే కంటిజబ్బు కారణమేమిటో పెద్ద కంటి ఆస్పత్రిలో తెలుసుకోవడం మంచిది. ఆ సంగతి తల్లిదండ్రులతోపాటు పిల్లలకీ చెప్పాలి.

కొందరు తల్లులు నెలసరి బాధ తప్పుతుందని, ఏమైనా జరిగితే గర్భం రాదని, పిల్లకి గర్భసంచి తీయించెయ్యాలని అడుగుతారు. గర్భసంచి తీయించడం ఆంధ్రప్రదేశ్‌లో చాలా మామూలైపోయింది. కానీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పదో సెక్షను స్పష్టంగా ఉంది. సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమైనా ఆ మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోకుండా చేయకూడదు. పునరుత్పత్తి గురించి, కుటుంబ నియంత్రణ గురించి తగిన సమాచారం దివ్యాంగులకి అందేలా ప్రభుత్వం చూడాలని కూడా అదే సెక్షను చెబుతుంది. పైగా గర్భసంచి తీసేస్తే అత్యాచారం ఆగదు. జరిగిందన్న ఆనవాలు మాత్రం దాగిపోతుంది.

ఇంట్లో చెప్పలేని చోట సాయం దొరుకుతుంది. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ ఉన్నారు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంది. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులకి చేతికి అందే పాఠం ఎలా చెప్పాలో తెలుసు. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దాని కింద ఆస్పత్రుల్లో కౌమార ఆరోగ్య క్లినిక్కులు ఏర్పడ్డాయి. విజయనగరంలో, శ్రీకాకుళంలో పెద్ద ప్రభుత్వాసుపత్రులున్నాయి.

ఆస్పత్రిలో ఒక జాగ్రత్త. డాక్టరు తల్లి వైపు తిరిగి "అమ్మాయికి ఎన్ని రోజులైంది" అని అడిగితే, తల్లి "దాన్నే అడగండి డాక్టరుగారూ" అనాలి. పరీక్ష చేసేముందు ఏం చేయబోతున్నారో, ఎక్కడ తాకబోతున్నారో చెప్పమని కోరాలి. కొద్దిసేపు తల్లి బయట కూర్చుంటే, బిడ్డ తన మాట తాను చెప్పుకుంటుంది.

చివరగా ఎప్పుడు, ఎలా అన్నది. ఒక్కరోజు కూర్చోబెట్టి అంతా చెప్పనక్కర్లేదు. ఒక పూట ఒక్క సంగతి చాలు. అయిదారేళ్లకి పేర్లు. ఎనిమిదేళ్లకి మార్పులు. పదీ పదకొండుకి నెలసరి, నిద్రలో తడి. పదమూడు, పద్నాలుగుకి గర్భం ఎలా వస్తుందన్నది. పదహారు దాటాక గర్భం రాకుండా జాగ్రత్తలు, పెళ్లి, వంశంలో నడిచే జబ్బులు. తాకడం గురించిన పాఠం మాత్రం మొదటి రోజు నుంచీ. తల్లిదండ్రులకి సిగ్గుగా ఉంటే ఆ మాటే బిడ్డతో అనచ్చు. తెలియని ప్రశ్న వస్తే ఏఎన్ఎం‌ని అడిగి రేపు చెబుతామని, తప్పకుండా చెప్పాలి. మాటల్లో చెప్పడం, చేతికి అందించడం, అప్పజెప్పించుకోవడం. పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఆ అమ్మాయి గానీ, ఆ అబ్బాయి గానీ ఆస్పత్రికి వెళ్లి, తన సమస్య ఏమిటో తన నోటితో చెప్పుకుని, డాక్టరు ఇచ్చిన మందు ఎందుకో అడిగి తెలుసుకోగలిగితే ఇంటి పాఠం పూర్తయినట్టే.